చుక్కల కంటే మన కొండ పెద్దది

విశ్వం పుట్టి 1380 కోట్ల ఏళ్ళు, భూమి పుట్టి 454 కోట్ల ఏళ్ళు అని పరీక్షల కోసం బట్టీ పడుతున్నాం. బట్టీతో మార్కులొస్తాయి గానీ నమ్మకం రాదు.

మన అవ్వలు పిల్లలకోడి అని చూపించే చుక్కల గుంపు వయసు సుమారు 10 కోట్ల ఏళ్ళే. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ రాయికేమో దాదాపు 250 కోట్ల ఏళ్ళు! అంటే అన్నీ ఒకేసారి పుట్టలేదు. వాయువు, ధూళి మేఘం తన బరువుకు తానే కుంగి, తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుంటే నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు ఏర్పడ్డాయి. అట్లాంటి మేఘాల్లో చుక్కలు ఇప్పటికీ పుడుతున్నాయి.

సిద్ధాంతమంటే ఉత్త ఊహే కదా అంటారు కొందరు. కాదు. చూసి, లెక్కగట్టి, తప్పయితే మార్చుకొనేదే సిద్ధాంతం. మరి మనం చూడొద్దా?

కుప్పం అవతల, తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. 1977లో యురేనస్ వలయాల జాడ అక్కడి టెలిస్కోపుకూ చిక్కింది. వార్డెన్ సార్లకు మనవి: ఈసారి ఎక్స్‌కర్షన్ అక్కడికే పెట్టండి. అంతదాకా చలికాలం అమావాస్యలకు ఒక్క గంట హాస్టల్ లైట్లు ఆపండి. పిల్లలకోడిని చూడను టెలిస్కోపు అక్కర్లేదు, చీకటి చాలు. ఆ గంట కూడా స్టడీ అవరే సార్!