గంపలు పన్నెండే

చలికాలంలో బ్రిటన్ మందిరాల్లో వేడి లేకపోతే ముందుగా ఆరాధనకు రావడం మానేది వృద్ధులే. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74 శాతం ఇళ్లు పైపుల్లో వచ్చే గ్యాస్‌తోనే వెచ్చబడుతున్నాయి. అనేక మందిరాలదీ అదే పరిస్థితి. మరోవైపు, 2030 నాటికి తన కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జనరల్ సినడ్ 2020 ఫిబ్రవరిలో తీర్మానించింది. మరి బాయిలర్ల మాటేమిటి? వాటిని అలాగే ఉంచి పునరుత్పాదక గ్యాస్ వాడితే చాలదా అని కొందరు అడుగుతున్నారు.

ఇది మన పల్లెలు ఎరిగిన గోబర్ గ్యాసే. పేడ, ఆహార వ్యర్థాలు గాలి చొరని తొట్టెలో కుళ్లితే వచ్చే గ్యాస్‌ను శుద్ధిచేసి పైపుల్లోకి పంపుతారు. డెన్మార్క్‌లో 2023 నాటికి గ్యాస్ వాడకంలో దాదాపు 40 శాతం ఇదే. అయితే అక్కడ పశుసంపద ఎక్కువ. మూడింట రెండు వంతుల ఇళ్లకు ఊరుమ్మడి వేడినీటి పైపులున్నాయి కనుక గ్యాస్ అవసరమూ తక్కువ.

ఐదువేల మంది తిన్నాక మిగిలిన ముక్కలను ప్రభువు పోగుచేయించాడు. వ్యర్థం నుంచి గ్యాస్ తీయడం ఆ మార్గంలోని పనే. కానీ నిండినవి పన్నెండు గంపలే. మిగులుకు ఒక హద్దుంది. దేశంలోని బాయిలర్లన్నిటికీ వ్యర్థాలు చాలవు. చాలించాలని గ్యాస్ కోసమే మొక్కజొన్న వేస్తే, ఆహారం పండే నేల తగ్గుతుంది. పైగా ఈ మీథేన్ దారిలో కారిపోతే, నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఖర్చు ఎవరిదన్నదీ చూడాలి. బ్రిటన్‌లో 2021లో మొదలైన ప్రోత్సాహక పథకానికి నిధులు గ్యాస్ కంపెనీలపై వేసే సుంకం నుంచి వస్తాయి. చివరికి ఆ భారం పేదవాని బిల్లుకూ చేరుతుంది.

కాబట్టి మేము చెప్పేది ఇదే. ముందు పైకప్పు, కిటికీల గుండా పోయే వేడిని ఆపాలి. తరువాత, వీలైన చోట హీట్ పంప్ పెట్టాలి. అది ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. వేరే దారిలేని చోటికే ఆ కొద్ది గ్యాస్‌ను దాచాలి. బిల్లుపై 'గ్రీన్' అని రాసి ఉన్నా, మన పైపులోకి వచ్చేది అందరికీ వచ్చే గ్యాసే. సర్టిఫికెట్ కొన్నంత మాత్రాన సృష్టిపట్ల మన గృహనిర్వాహకత్వం తీరిపోదు.