షిలో అంటే శాంతేనా?

పిల్లల పేర్ల సైట్లతో నాకు ఒకటే పేచీ. ఏ పేరుకైనా ఒక్క ముక్కలో అర్థం చెప్పేస్తాయి. డేటాబేసులో ఖాళీ గడి కనబడితే ఏదో ఒకటి నింపేదాకా నిద్రపట్టని బాపతన్నమాట (మా వృత్తిలో ఇలాంటివాళ్ళు బోలెడు). డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి ఆరేళ్ళ ఎదురుచూపుల తర్వాత వచ్చే నెలలో పురుడు. ఆడైనా మగైనా "షిలో" అనే పెడతానంటోంది. శాంతి అని అర్థమట! పేరు నాకూ నచ్చింది, ఆ అర్థమే మింగుడు పడలేదు.

మన తెలుగు బైబిల్లో ఇది "షిలోహు". ఆదికాండం 49లో యాకోబు కొడుకు యూదాని దీవిస్తూ షిలో రాక గురించి చెబుతాడు. అది మనిషి పేరా, ఊరి పేరా, "అది ఎవరికి చెందుతుందో అతను" అనే మాటా, లేక "అతనికి కానుక" అనా... పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. తాల్ముద్‌లో కొందరు మెస్సీయ పేరే అన్నారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు కూడా పేరుగానే ఉంచేసింది. నిశ్చింత అని అర్థమొచ్చే హీబ్రూ ధాతువుతో ముడిపెట్టేవాళ్ళూ ఉన్నారు. సైట్లకి కావాల్సింది ఆ ఒక్కటే.

నాకు మాత్రం షిలో అంటే ముందు ఊరు. జెరూసలేముకి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్లు. సొలొమోను గుడి కట్టకముందు మందసం ఉన్న చోటు. పిల్లల్లేని హన్నా ఏడ్చి మొక్కుకున్నది అక్కడే, ఆ తర్వాతే సమూయేలు పుట్టాడు. ఆ ఊరు పాడుబడిపోతే, యిర్మీయా ప్రవక్త జెరూసలేము వాళ్ళకి దాన్నే చూపించి హెచ్చరించాడు. అమెరికాలో చూద్దామా అంటే, టెనెసీలో షిలో అనే చిన్న చర్చి దగ్గర 1862 ఏప్రిల్లో రెండు రోజుల యుద్ధం. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి 23 వేల పైచిలుకు. శాంతట, శాంతి!

అన్నట్టు, ఆడామగా ఇద్దరికీ ఈ పేరు నప్పడం వింతేం కాదు. హీబ్రూలో ఊళ్ళు స్త్రీలింగం, యాకోబు దీవెనలో క్రియేమో పుంలింగం. మనం కొడుక్కి తిరుపతి అని పెడితే కూతురికి "అమ్మ" తగిలించి తిరుపతమ్మ అంటాం. దీనికి ఆ అవసరం కూడా లేదు.

కాబట్టి చెల్లాయ్, ఆ పేరే పెట్టు. శాంతి అని మాత్రం చెప్పకు. హన్నా కథ చెప్పు. ఆరేళ్ళు ఎలా గడిచాయో నీకు తెలుసు కదా, నాకంటే నువ్వే బాగా చెబుతావు.