కుందేలు పిల్లల చావుకు కారణం చెప్పేదెవరు?

సాయంత్రం గడ్డి కొరికిన పిల్ల తెల్లారేసరికి కట్టెలాగా బిగుసుకొని ఉంటుంది. ఒకటి పోతే సరే అనుకోవచ్చు. నాలుగు రోజుల్లో ఈత ఈతంతా పోతుంది. "ఎట్టా చచ్చినాయో తెలవదు, గాలి సోకిందేమో" అంటారు ఇంటివాళ్లు. "కుందేళ్లంటే అంతే, కొన్ని నిలవవు" అంటాడు పిల్లల్ని అమ్మిన ఏజెంటు. పశువుల ఆసుపత్రి మెట్లెక్కితే అక్కడ గేదెకు మందుంది, గొర్రెకు మందుంది, కుందేలును మాత్రం ఎగాదిగా చూస్తారు. ముగ్గురూ మూడు మాటలు చెప్పినా తేలేది ఒకటే, కారణం తెలియదని. ఈ మాటను కూలి జనం ఇకమీదట ఒప్పుకోగూడదు. కారణం లేక కాదు, చచ్చిన పిల్లను కోసి చూసేవాడు లేక తెలియడం లేదు.

కుందేలు ఎవరింట్లో పెరుగుతుందో ముందు చూడాలి. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వంటి సముద్రపు ఒడ్డు మండలాల్లో కోత మిషన్లు దిగినాక కూలి దినాలు తరిగిపోయాయి. గేదెను కొనే శక్తి లేదు, కొన్నా మేపడానికి బీడు లేదు. బీడన్నదల్లా రొయ్యల గుంటలైపోయె. అటువంటి ఇంటికి కుందేలు ఆశ చూపిస్తుంది. కట్టిన 31 రోజులకు ఈనుతుంది, ఈతకు ఆరో ఏడో పిల్లలు, గుడిసె పక్కన నాలుగడుగుల చోటు చాలు. కాగితం మీద లెక్క ముచ్చటగా ఉంటుంది. ఆ లెక్క రాసేవాడు చావుల్ని మాత్రం అందులో వేయడు. "పిల్లల్ని మేమే తిరిగి కొంటాం" అని సంతకం పెట్టే కంపెనీల సంగతి మనకు కొత్తగాదు. ఈరోడ్ జిల్లా పెరుందురైలో సూసీ ఈము ఫారం 2012లో కూలినప్పుడు వేలమంది తమ సొమ్ము పోగొట్టుకున్నారు. పక్షులు మేత లేక మలమల మాడాయి. కుందేలు కంపెనీలన్నీ అటువంటివని అనడం లేదు. కానీ పిల్లలు చస్తే నష్టం ఎవరిదని ఆ ఒప్పందాల్లో వెదికి చూడండి. పెంచినవాడిదే. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డ జిల్లా ఇది, ఆ వెనకే పొదుపు సంఘాలు ఊరూరా లేచిన జిల్లా. ఆ సంఘంలో తెచ్చిన అప్పుతో బోను కొన్న ఇల్లాలికి పిల్లలు చచ్చినా కిస్తీ చావదు.

కారణం కనుక్కోవడం మన దేశానికి చేతగాదా? చేతవును. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు వరసన చచ్చాయి. గాలి సోకిందని ఎవరూ ఊరుకోలేదు. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు పోయాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది, చుట్టుపక్కల కోడిమాంసం కొట్లు మూయించారు. మనుషులకు సోకగల జబ్బు గనుక అది చేయవలసిన పనే. అంతకు ముప్పై ఏళ్ల కిందట, 1994 ప్రాంతాన, ఇదే ఒడ్డున టైగర్ రొయ్య చెరువుల్ని తెల్లమచ్చ జబ్బు ఊడ్చిపెట్టింది. మొదట దానికీ పేరు లేదు. పరిశోధకులు కూర్చుని వైరస్సని తేల్చారు. ఇవాళ రొయ్యపిల్లను చెరువులో వదిలే ముందు పి.సి.ఆర్. పరీక్ష చేయించడం తీరం పొడుగునా మామూలు సంగతి. వెంట్రుకంత రొయ్యపిల్లకు దొరికే పరీక్ష కూలోడి కుందేలు పిల్లకు దొరకదు. రొయ్య డాలరు తెస్తుంది మరి.

ఇంకో ఉదాహరణ చెప్పాలి, ఎందుకంటే అది మన వేరుశనగ చెక్క దాకా వస్తుంది. 1960లో ఇంగ్లండులో టర్కీ కోడిపిల్లలు లక్షకు పైగా చచ్చిపోయాయి. కారణం ఎవరికీ అంతుబట్టలేదు, అందుకే దానికి 'టర్కీ ఎక్స్' జబ్బని పేరు పెట్టారు. తెలియనిదానికి గణితంలో ఎక్స్ అంటారు గదా, అట్లా. కానీ వాళ్లు ఎక్స్ దగ్గరే ఆగలేదు. మేతను పట్టి చూశారు. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బూజు, ఆ బూజులో విషం దొరికింది. అఫ్లటాక్సిన్ అన్న పేరు ప్రపంచానికి అట్లా తెలిసింది. ఆ విషానికి తొందరగా లొంగే జీవాల్లో కుందేలు ముందు వరసలో ఉంటుంది. మన ఒడ్డున ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది. ఆ ముసురులో గోతాంలో మూలకు పెట్టిన చెక్క, తవుడు ముక్కిపోతాయి. పైన బూజు దులిపి, ఎండలో వేసి, "ఫరవాలేదులే" అని పెడతారు. ఎండకు, ఉడకబెట్టడానికి ఆ విషం పోదు. ముక్కిన మేతను గేదెకు పెట్టడం గూడా తప్పే, కుందేలుకు పెడితే అది ప్రాణం తీస్తుంది.

చచ్చిన పిల్ల వయసు చూస్తే సగం కారణం అక్కడే దొరుకుతుంది. ఈ సంగతి ఎవరూ పెంపకందార్లకు చెప్పడం లేదు.

మొదటి వారంలో చచ్చేవి కళ్లు తెరవని, బొచ్చు రాని కూనలు. కళ్లు తెరవడానికి పది రోజులు పడుతుంది. తల్లి తన బొచ్చు పీకి పరిచిన పరుపే వాటికి దుప్పటి. ఈనే పెట్టె లేకుండా ఇనుప జాలీ మీద ఈనితే కూనలు రాత్రి చలికి బిగుసుకుపోతాయి. తల్లి రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు, నాలుగైదు నిమిషాలు మాత్రమే పాలిచ్చి పెట్టెలోంచి బయటికి వచ్చేస్తుంది. అది దాని నైజం. "తల్లి పిల్లల్ని వదిలేసింది" అని భయపడి, మాటిమాటికీ పట్టి లోపలికి తోసేవాళ్లు దాన్ని బెదరగొట్టి, తొక్కిడిలో కూనల్ని చంపుకుంటున్నారు. చూడవలసింది కూన పొట్ట. పొట్ట నిండుగా ఉంటే పాలు అందినట్టు. పొట్ట ముడతలు పడితే పాలు లేనట్టు. తల్లికి ఉండేవి ఎనిమిది చన్నులో, తొమ్మిదో, పదో. అంతకు మించి పిల్లలుంటే అదే వారం ఈనిన ఇంకో తల్లి కింద కలపాలి. మనిషి చేయి తగిలితే తల్లి తినేస్తుందన్నది పాత భయం. తల్లి పిల్లల్ని తిన్నదంటే నీళ్లు చాలలేదా, కుక్క బెదిరించిందా అని చూడాలి. పాలిచ్చే తల్లి లీటరు నీళ్లయినా తాగుతుంది, వేసవిలో అంతకు మించి. రొయ్యల గుంటల పక్క బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటికి మూతి పెట్టదు. మనం తాగే దొరువు నీళ్లే దానికీ పెట్టాలి. ఇక ఎర్రచీమల సంగతి. బోను కాళ్లను నీళ్ల చిప్పల్లో పెట్టకపోతే ఒక్క రాత్రిలో ఈతంతా చీమల పాలవుతుంది.

అసలు పెద్ద చావు ఆ తర్వాత వస్తుంది. నాలుగో వారం దాటి మూడో నెల లోపల, బొద్దుగా గెంతే పిల్లలు పొట్ట ఉబ్బి, పారుకొని, పండ్లు కొరుక్కుంటూ పోతాయి. ఎక్కువ ఇళ్లలో దీని పేరు కాక్సీడియోసిస్. పెంటికల్లో కంటికి కనపడని గుడ్లు బయటికొస్తాయి. తేమా వెచ్చదనమూ రెండూ ఉంటే రెండు మూడు రోజుల్లో అవి పండి, మేతకు అంటుకొని మళ్లీ కడుపులోకి పోతాయి. మన ఒడ్డున తేమకు, వెచ్చదనానికి ఏం కరువు? పెద్ద కుందేలు ఈ పురుగును మోస్తూ బాగానే ఉంటుంది, పిల్లలకు అంటిస్తుంది. కోసి చూస్తే కొన్నింట కాలేయం మీద తెల్లటి బొడిపెలు కనపడతాయి. ఆ ఒక్క కోతతో జబ్బు పేరు దాదాపు తెలిసిపోతుంది! మామూలు ఫినాయిలుకు ఆ గుడ్లు చావవు. మరిగే నీళ్లు పోయాలి, బోనును ఎండలో మాడ్చాలి, గడ్డిని నేల మీద గాక ఎత్తున కట్టాలి, పెంటికలు రోజూ తీసెయ్యాలి. మందులు ఉన్నాయి, కానీ మోతాదు డాక్టరే చెప్పాలి.

పాలు మాన్పించేటప్పుడు జరిగేది ఇంకొకటి. నిన్నటిదాకా తల్లి దగ్గర గడ్డి తిన్న పిల్లను ఈరోజు సంచిలో వేసి, బండి మీద పది మైళ్లు తీసుకుపోయి, కొత్తింట్లో నూకలూ తవుడూ సద్దన్నమూ పెడతారు. పాపం, ప్రేమతోనే పెడతారు. పీచులేని పిండిమేత దాని పేగుల్లో పులిసి, చెడ్డ సూక్ష్మజీవి పెరిగి, రెండు రోజుల్లో చంపేస్తుంది. మేత మార్పు వారం రోజుల మీద కొంచెం కొంచెంగా జరగాలి, గడ్డి ఎప్పుడూ ముందుండాలి.

పారుతున్న పిల్లకు మందుల కొట్లో దొరికే బిళ్లను నూరి పోయడం మరీ ప్రమాదం. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ మనిషికి మందులు. కుందేలుకు నోట్లో పోస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి, దాన్నీ చంపుతాయి. ఎన్ని పిల్లలు జబ్బుతో పోయాయో, ఎన్ని మందుతో పోయాయో విడదీసి చెప్పగలవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. కోళ్ల దాణా చవకని పెట్టడమూ అట్లాంటిదే. కోళ్లకు కాక్సీడియా రాకుండా దాణాలో కలిపే నరసిన్ వంటి మందులు కుందేలుకు విషం. సంచి మీద ఏమి కలిపారో తెలుగులో రాయమని కంపెనీలను అడిగేవాళ్లు లేరు.

గడ్డి సంగతి భూమి సంగతే. సొంత చెక్క ఉన్నవాడు తన గట్టున కోసుకుంటాడు. కూలోడు పరాయి గట్టున కోసుకోవాలి, ఆ గట్టు మీద నిన్న ఏ మందు కొట్టారో అతనికి ఎవరూ చెప్పరు. కలుపు మందు, పురుగు మందు తగిలిన గడ్డి మోపుకట్టి తెచ్చి పెడితే, చిన్నా పెద్దా తేడా లేకుండా ఒకేపూట పోతాయి. ఇటువంటి చావు కనపడితే జబ్బుకన్నా ముందు మేతను అనుమానించాలి.

ఎండ గురించి వేరే చెప్పాలా? రోహిణీ కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. చలిదేశపు జీవం కుందేలు. దానికి చెమట పట్టదు, ఒంటి వేడిని చెవుల గుండా, ఊపిరి గుండా పంపుకోవాలి. ముప్పై డిగ్రీలు దాటితేనే రొప్పుతుంది. మే నెలలో నలభై దాటే చోట రేకుల కింద బోను పెట్టడమంటే పొయ్యి మీద పెట్టడమే. తాటాకు కప్పు, తడి గోతాం పట్టా, గాలి ఆడే తడికె, ఇంతకంటే పెద్ద ఖర్చు లేదు. ఆ నెలల్లో ఈతలు రాకుండా ముందే చూసుకోవడం ఇంకా మేలు.

ఇంత చెప్పినా, ఒక ఇంట్లో ఒక పిల్ల ఎందుకు చచ్చిందో చెప్పాలంటే కోసి చూడాల్సిందే. కాబట్టి చచ్చిన పిల్లను కాలవలోకి విసరొద్దు, కుక్కలకు వేయొద్దు. అప్పుడే చచ్చినదాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి, అదే పూట పశువైద్యుడి దగ్గరకు చేర్చండి. గడ్డ కట్టించొద్దు, గడ్డకడితే లోపలి కండ పరీక్షకు పనికిరాదు. గుప్పెడు పెంటికలు, గుప్పెడు మేత వేరే పొట్లం కట్టండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందని ప్రభుత్వమే ప్రకటించింది. చేయండి, రాకపోతే తారీఖు, వేళ రాసిపెట్టుకోండి.

బీమా మాటా ఉంది. 2014-15లో మొదలైన జాతీయ పశుగణ మిషన్ బీమా లెక్కలో గొర్రె, మేక, పందితోపాటు కుందేలునూ చేర్చారు, పది కలిస్తే ఒక పశువు కింద లెక్క. ఆ మేలు అందాలంటే చావుకు డాక్టరు కాగితం కావాలి. కోయని చావుకు కాగితం రాదు, కాగితం లేని చావుకు సొమ్ము రాదు. పథకంలో కుందేలును రాసినవారు మండలంలో దాన్ని కోసే చేతిని ఎందుకు పెట్టలేదు?

గ్రామసభ జరిగే రోజున పొదుపు సంఘాల ఆడవాళ్లు, వ్యవసాయ కార్మికులు కలిసి అర్జీ పెట్టాలి. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడు కుందేలు పిల్లల నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపాలి. ఫలితం వారంలోగా పెంపకందారుకు తెలుగులో రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పిచ్చే బ్యాంకు, పిల్లలు అమ్మే కంపెనీ ఆ ఫలితం వచ్చేదాకా కిస్తీ అడగరాదు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వారు ఈశాన్య రుతుపవనం మొదలయ్యేలోగా ఒడ్డు మండలాల్లో ఒక్కొక్క రోజు శిబిరం పెట్టి, కోసి చూపించి, పెంచేవాళ్లకే ఆ కాలేయం మీది బొడిపెలు కళ్లారా చూపాలి. అర్జీకి రసీదు తీసుకోవడం మరవొద్దు.