పరదేశి కట్టిన బాణీలు

పశువుల కాపరులు గుఱ్ఱములపై తిరుగాడు అమెరికా చలనచిత్రములను చూచిన సోదరీమణులు, వాని సంగీతము ఆ నేలలోనే పుట్టినదని తలంచుట సహజము. మేమును అట్లే తలంచితిమి. కాని వానిలో పేరెన్నికగన్న పాటలు కొన్నిటిని కూర్చిన డిమిత్రి టియోంకిన్ 1894లో ఉక్రెయిన్ దేశపు క్రెమెంచుక్ పట్టణమున జన్మించి, సెయింట్ పీటర్సుబర్గులో సంగీతమభ్యసించి, 1925లో అమెరికా చేరిన పరదేశి.

ఈయన 1927లో, వియన్నా నుండి వచ్చిన నర్తకి ఆల్బెర్టినా రాష్‌ను వివాహమాడెను. 1929లో వాటాల బజారు కూలి న్యూయార్కున కచ్చేరీలు కరవు కాగా, హాలీవుడ్డు పిలిచినది భర్తను గాదు, భార్యను! చిత్రములలో ఆమె కూర్చు నృత్యములకు సంగీతము వ్రాయుటయే ఈయనకు అచ్చట దొరకిన తొలి పని. 1937లో చేయి విరిగి పియానో కచ్చేరీల ఆశ అడుగంటగా, చిత్రసంగీతమే వృత్తియై నిలిచెను.

1952లో వచ్చిన ‘హై నూన్’ చిత్రమున సంగీతమంతయు ఒక్క పాటను అల్లుకొని సాగును. పెండ్లినాడే తన్ను విడిచిపోవలదని వరుడు వధువును వేడుకొనెడి పాట యది. ఆ పాటకును, చిత్రసంగీతమునకును వేర్వేరుగా ఆస్కారు బహుమానములు లభించెను. 1959లో మొదలైన ‘రాహైడ్’ టెలివిజన్ కథావళికి బాణీ కట్టినదియు ఈయనయే.

1955లో మరియొక ఆస్కారు నందుకొనుచు ఈయన బ్రామ్స్, బీథోవెన్, వాగ్నర్ మొదలగు గతించిన విద్వాంసులకు కృతజ్ఞత చెప్పగా సభ యెల్ల నవ్వెను. తన విద్య యెవరి వలన వచ్చినదో ఒప్పుకొనుట మాకు నచ్చినది. ఐనను ఆ వరుసలో మేమైతే ఆల్బెర్టినా పేరు మొదట వ్రాసియుందుము. ఆమె 1967లో గతించెను. ఈయన 1979లో లండనున కన్నుమూసెను.