సంకల్పంలోని గోదావరి, పొలంలోని గోదావరి

ప్రతి శుభకర్మకు ముందు కర్త సంకల్పం చెప్పుకొంటాడు. అందులో తన నివాసాన్ని నదుల పేర్లతోనే నిర్దేశిస్తాడు. నిజామాబాదు సమీపంలోని మాక్లూర్ వాసి తాను కృష్ణా గోదావరుల మధ్యదేశంలో ఉన్నానని పలుకుతాడు. పిమ్మట కలశజలంలోనికి గంగాది సప్తనదులను ఆవాహన చేస్తాడు. గోదావరి ఆ ఏడింటిలో ఒకటి. ఈ రెండు క్రియల అర్థాన్ని విస్మరించి, పుష్కరస్నానంతోనే నదీఋణం తీరిందని భావించడం అవివేకం.

బ్రహ్మగిరిపై గౌతమ మహర్షి తపఃఫలంగా అవతరించినందున ఈ నది గౌతమి అయినదని పురాణోక్తి. 1465 కిలోమీటర్ల ఈ ప్రవాహం కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తూ మంజీర, హరిద్రలతో కలసి త్రివేణీ సంగమమవుతుంది. దిగువన బాసరలో జ్ఞానసరస్వతి కొలువై ఉన్నది. షోడశ మహాజనపదాలలో వింధ్యకు దక్షిణాన వెలసిన అశ్మకానికి రాజధాని నేటి బోధన్ అని చరిత్రకారులు చెబుతారు. బావరి అనే ఆచార్యుడు గోదావరీతీరంలో ఆశ్రమవాసం చేశాడని బౌద్ధుల సుత్తనిపాతం పేర్కొన్నది. అనగా ఈ తీరం అనాదిగా జిజ్ఞాసువుల నెలవు.

అదే నది అన్నదాత్రి కూడా. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ బోధన్ ప్రాంతాన్ని చెరకు సీమగా మార్చింది. పోచంపాడు వద్ద 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగర్ జలాలు ఉమ్మెడ నుండి ఎత్తిపోతల ద్వారా మాక్లూర్ మండలంలోని గుత్పకు చేరుతున్నవి. కలశంలో మంత్రంతో ఆవాహన చేసే గోదావరి ఇక్కడ కాలువలో ప్రత్యక్షంగా ప్రవహిస్తున్నది.

సర్వపాపహారిణి అయిన నదికి మాలిన్యమెక్కడిదని కొందరి వాదం. ఇది ఆధిదైవిక, ఆధిభౌతిక భేదాన్ని గుర్తించని మాట. పాపహరణం దేవతాశక్తి, జలం మాత్రం పాంచభౌతికం, ప్రకృతినియమబద్ధం. దేవత మలినం కాదు గాని, ఆమె శరీరమైన నీరు మలినమవుతుంది. ఆ నీటినే పసిబిడ్డ త్రాగుతాడు, పశువు త్రాగుతుంది. నీటిలో ఉమ్మివేయడాన్ని, మలమూత్ర విసర్జనను మనుస్మృతి చతుర్థాధ్యాయం నిషేధించినది ఇందుకే. శాస్త్రం స్నానాన్ని విధించింది, శౌచాన్ని కూడా విధించింది; మొదటిది గ్రహించి రెండవది విడిచిపెట్టే అధికారం భక్తునికి లేదు.

2015 తరువాత గోదావరికి 2027లో మరల పుష్కరశోభ. ఘట్టాలకు మెట్లు కట్టించడం ప్రభుత్వం పని. పాతబట్టలు, ప్లాస్టిక్ సంచులు, సబ్బునురుగు నదిలో విడువకపోవడం యాత్రికుని వ్రతం. ఆ వ్రతం పన్నెండు దినాలతో ముగియరాదు. ఇంటి ముందరి కాలువకు, ఊరి చెరువుకు కూడా వర్తించాలి. తరింపజేసేది తీర్థం. తరించగోరువాడు ముందుగా తీర్థాన్ని రక్షించాలి.