పాస్‌పోర్టులు రెండు... మైదానం ఏదీ?

మొన్న జూన్‌లో మా అక్క కూతురు అమెరికా నుంచి వచ్చి నవీపేట్‌లో మా ఇంట్లో మూడు వారాలు ఉండి పోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. గోలు కొట్టి చప్పట్లు కొట్టించుకునే ఆట కాదు తనది. వెనక నిలబడి అవతలివాళ్ళు గోలు వేయకుండా కాచుకునే డిఫెండర్. "అంటే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనే అన్నమాట" అన్నాను. నవ్వింది గానీ దానికి పూర్తిగా అర్థమైనట్టు లేదు.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నోట్‌బుక్కు అట్ట లోపల ఒక ఫోటో అంటించుకుంది. గుగులోత్ సౌమ్యది. అది చూసి మా అక్క కూతురు అడిగింది.

"ఈ అక్కది ఇక్కడేనా? అయితే నేను కూడా పెద్దయ్యాక ఇండియాకు ఆడొచ్చా చిన్నమ్మా?"

పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ వెంటనే అంది. "ఎందుకు ఆడరాదు బిడ్డా? నువ్వు మనింటి పిల్లవు కాదా ఏంది?"

నేను మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మనింటి పిల్ల కావడం వేరు, మన దేశపు పౌరురాలు కావడం వేరు. ఈ రెంటి మధ్య తేడా ఏమిటో, అది ఫుట్‌బాల్ దాకా ఎట్లా వచ్చిందో ఈ మధ్య పేపర్లలో వస్తున్న వార్తలు చూస్తే మనకూ తెలుస్తుంది.

చట్టం ఏమంటుంది?

మా నిజామాబాద్ జిల్లాలో పాస్‌పోర్టు అంటే తెలియని ఇల్లు ఉండదు. మస్కట్, దుబాయ్, సౌదీ వెళ్ళినవాళ్ళు వాడకొకరు ఉంటారు. అక్కడ పాతికేళ్ళు చెమటోడ్చినా మనవాళ్ళు ఆ దేశపువాళ్ళు కారు. వెళ్ళిన పాస్‌పోర్టుతోనే తిరిగి రావలసిందే. అమెరికా సంగతి అట్లా కాదు. మా అక్క కూతురు అక్కడ పుట్టింది, పుట్టుకతోనే అక్కడి పౌరురాలు అయింది.

కానీ మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. కోరి మరో దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్ళు భారత పౌరులు కారని రాజ్యాంగంలోని 9వ అధికరణమే చెప్పింది. 1955 నాటి పౌరసత్వ చట్టమూ అదే మాట అంటుంది. విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ళ కోసం 2005లో చట్టాన్ని సవరించి, 2006 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ సదస్సులో ఓసీఐ కార్డుల పథకం మొదలుపెట్టారు. ఆ కార్డు ఉంటే వీసా లేకుండా ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. కానీ ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. పసుపు చేను చూసి "ఒక ఎకరం కొనుక్కుంటే బాగుండు" అని మా అక్క ముచ్చటపడితే మా బావ నవ్వేది అందుకే.

ఇక ఆట సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే భారత జట్టుకు ఆడాలని 2008లో కేంద్ర క్రీడల శాఖ తేల్చి చెప్పింది. కాబట్టి మా అక్క కూతురు ఇండియాకు ఆడాలంటే పెద్దయ్యాక ఇక్కడికి వచ్చి ఏడాది ఉండి, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి, అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. ఒక ఆటకోసం పుట్టిన దేశాన్నే వదులుకోవడం!

అట్లా వదులుకున్నవాళ్ళూ ఉన్నారు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి తండ్రి భారతీయుడు. ఆయన జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో మన జట్టుకు ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన రయన్ విలియమ్స్ 2025లో అక్కడి పాస్‌పోర్టు వదులుకుని భారత పౌరుడయ్యాడు. ఆయనకు మన దేశంతో ఉన్న చుట్టరికం తల్లి వైపుది. తల్లి తండ్రి ఒకప్పుడు బొంబాయి జట్టుకు సంతోష్ ట్రోఫీలో ఆడాడట.

తల్లి వైపు అన్నాను కాబట్టి ఇంకో ముచ్చట చెప్పాలి. విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం రావాలంటే 1992 డిసెంబర్ 10 దాకా తండ్రి భారతీయుడై ఉండాల్సిందే. తల్లి భారతీయురాలైతే చాలదు! తొమ్మిది నెలలు మోసి కన్న తల్లి దేశం లెక్కలోకి రాదు, తండ్రి దేశమే బిడ్డ దేశం. ఆ సంవత్సరం చట్టాన్ని సవరించాకే తల్లీ తండ్రీ సమానమయ్యారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన నలభై అయిదేళ్ళకు!

పూణెలో ఏం జరిగింది?

రెండు పౌరసత్వాలను ఒప్పుకునే దేశాలు ఆటల్లో ఏం చేస్తున్నాయో చూద్దాం. ఫిలిప్పీన్స్ సంగతి తీసుకోండి. అక్కడ తల్లి గానీ తండ్రి గానీ ఆ దేశపు పౌరులైతే బిడ్డ ఎక్కడ పుట్టినా ఆ దేశపు బిడ్డే. పైగా 2003లో చేసిన చట్టంతో, వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్ళూ పాతదాన్ని తిరిగి పొందవచ్చు.

2022 జనవరిలో మహిళల ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. పూణెలో చైనీస్ తైపే జట్టును పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు మొట్టమొదటిసారి ప్రపంచ కప్‌కు అర్హత సంపాదించారు. మరి ఆతిథ్యం ఇచ్చిన మన జట్టు? కరోనా సోకి నియమం ప్రకారం కనీసం ఉండాల్సిన పదమూడు మందిని కూడా చూపించలేక పోటీ నుంచే తప్పుకుంది. మన పందిట్లో పక్కవాళ్ళ పెళ్ళి జరిగినట్టయింది.

ఆ జట్టులో రక్షణకు నడిమధ్యన నిలబడ్డ అమ్మాయి పేరు హాలీ లాంగ్. అమెరికాలో పుట్టి పెరిగింది. అక్కడి యూనివర్సిటీ జట్టులో ఆట నేర్చింది. ఆడింది మాత్రం ఫిలిప్పీన్స్‌కు. 2023 ప్రపంచ కప్‌లో ఆ జట్టు న్యూజీలాండ్‌ను వాళ్ళ సొంత గడ్డ మీదే 1-0తో ఓడించినప్పుడూ ఆమె జట్టులో ఉంది. ఆ ప్రపంచ కప్‌కు వెళ్ళిన ఇరవై ముగ్గురిలో పద్దెనిమిది మంది అమెరికాలో పుట్టినవాళ్ళే! "ఇది ఫిలిప్పీన్స్ జట్టా, అమెరికా జట్టా?" అని ఎత్తిపొడిచినవాళ్ళూ ఉన్నారు. కానీ హాలీ లాంగ్ ప్రపంచ కప్‌కు వచ్చి, ఆడి వెళ్ళిపోయే చుట్టంలా ఉండలేదు. ఫిలిప్పీన్స్‌లోనే ఉండి, ఇలోయిలోకు చెందిన కాయా క్లబ్బుకు స్థానిక లీగ్‌లో కూడా ఆడింది. అక్కడి పిల్లల పక్కన నిలబడి ఆడింది. ఎత్తిపొడుపుకు ఇంతకంటే మంచి జవాబు ఉంటుందా?

మగవాళ్ళ ఆటలో మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌దీ ఇదే దారి. ఫిన్లాండ్‌లో పుట్టిన తారిఖ్ కాజీ ఆ దేశపు డిఫెండర్. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన హంజా చౌధురి 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన మీదే తొలి మ్యాచ్ ఆడాడు. అదే ఏడు నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ మనల్ని 1-0తో ఓడించింది. 2003 తర్వాత మన మీద వాళ్ళకు అదే మొదటి గెలుపు. ఇక చూసుకోండి, మన దగ్గర కూడా గొడవ మొదలైంది. "ఓసీఐ కార్డులున్నవాళ్ళను ఆడనివ్వండి, జట్టు బాగుపడుతుంది" అని కొందరు, "మన పిల్లల చోటు వాళ్ళకెందుకు?" అని కొందరు.

రక్తమా, మైదానమా?

ఈ వాదం విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అందరూ పాస్‌పోర్టు గురించే మాట్లాడుతున్నారు. ఆ పిల్లలకు ఆట ఎక్కడ వచ్చింది అని ఎవరూ అడగడం లేదు.

హాలీ లాంగ్‌కు ఆట రక్తంలోంచి రాలేదు. 1972లో అమెరికా ఒక చట్టం చేసింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే బడి గానీ కాలేజీ గానీ చదువులోనూ ఆటల్లోనూ ఆడ, మగ తేడా చూపించకూడదని. దాంతో మగపిల్లలకు జట్టు ఉంటే ఆడపిల్లలకూ ఉండాలని అడిగే హక్కు వచ్చింది. మైదానం, కోచ్, ఉపకార వేతనం అన్నీ క్రమంగా వచ్చాయి. ఆ మైదానాల్లో పండిన పంటనే ఫిలిప్పీన్స్ తెచ్చుకుంది. మా అక్క కూతురు డిఫెండర్ అయింది కూడా ఆ చట్టం పుణ్యాన్నే. మా అక్కకు బంతి తన్నడం కూడా రాదు!

మనకు చేతకాదా అంటే, చేతనవును. 1979లో, 1983లో మన ఆడవాళ్ళ జట్టు ఆసియాలో రెండో స్థానంలో నిలిచింది. ఒక్క పాస్‌పోర్టుతోనే. ఆ తర్వాత పట్టించుకున్నవాళ్ళు లేక వెనకబడిపోయాం. అయినా డిఫెండర్‌గా నిలబడి దేశానికి వంద మ్యాచ్‌లు ఆడిన మొదటి భారతీయురాలు మణిపూర్ ఆడపడుచు ఆశాలతా దేవి. 2024లో ఆ ఘనత సాధించింది. 2025 జులైలో థాయిలాండ్ వెళ్ళి, వాళ్ళను వాళ్ళ ఊళ్ళోనే 2-1తో ఓడించి, మన జట్టు 2026 ఆసియా కప్‌కు అర్హత తెచ్చుకుంది. ఆ అర్హత పోటీల్లో మంగోలియా మీద 13-0తో గెలిచిన రోజున గోలు కొట్టినవాళ్ళలో మన సౌమ్య ఉంది.

సౌమ్య మన నిజామాబాద్ దగ్గరి తండా బిడ్డ. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. గోకులం కేరళకు ఆడింది. ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 2024-25లో ఆ జట్టు మహిళల లీగ్ గెలవడంలో ముందు నిలిచింది. 2025లో దేశంలోకెల్లా ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. తండా నుంచి యూరప్ దాకా వెళ్ళింది ఒక్క భారత పాస్‌పోర్టుతోనే. బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్‌దీ మన నిజామాబాదే. అంటే మన నేలలో సారం లేదనేందుకు వీల్లేదు. నీళ్ళు పెట్టేవాళ్ళే కావాలి.

అట్లాగని విదేశాల్లో పుట్టిన మన పిల్లలకు తలుపు మూసేయాలని నేను అనను. రావాలనుకున్న పిల్లను పుట్టిన దేశం వదులుకుంటేనే రమ్మనడం కఠినమే. ఆ నియమం మార్చవచ్చేమో పెద్దలు ఆలోచించాలి. కానీ తలుపు తెరిచినంత మాత్రాన ఇల్లు నిండదు. అక్కడ నేర్చుకుని వచ్చే ఒకరిద్దరిని చూసి, ఇక్కడ నేర్చుకోవలసిన వేలమందిని మరిచిపోతే మనకే నష్టం.

మన ఇంట్లో సంగతి

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను ఎనిమిదో తరగతి దాకా కబడ్డీ ఆడాను. పెద్దమనిషినయ్యాక "ఇంక చాలు" అన్నారు. ఎవరన్నారో కూడా గుర్తు లేదు, అందరూ అన్నట్టే ఉంది. డిగ్రీ చదివాను, కథలు రాస్తున్నాను, ఆడపిల్లల మీద ఆంక్షల గురించి ఎన్నో పేజీలు నింపాను. కానీ రెండేళ్ళ కింద మా అమ్మాయి బడిలో ఆటల జట్టుకు పేరు ఇస్తానంటే, "చదువు చూసుకో ముందు" అన్నది నేనే. చిత్రం ఏమంటే ఆ మాట అంటున్నప్పుడు అది నాకు పాత మాటలా అనిపించలేదు. నా సొంత మాటే అనుకున్నాను.

అక్క కూతురు ఉన్న మూడు వారాలూ ఇద్దరూ సాయంత్రాలు మా సందులో ఆడారు. రెండు ఇటుకలు గోలు. సంతకు వచ్చినవాళ్ళు నిలబడి చూశారు. మొదటి రోజు ఒకాయన "ఆడపిల్లలు గిట్ల ఉరుకుడేంది?" అన్నాడు. నేను మాట్లాడేలోపే మా అత్తమ్మ గడపలోంచి "నీ ఇంటి ముందు ఉరుకుతున్నరా? మా ఇంటి ముందే గదా!" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ రోజు మా అత్తమ్మ నాకు కొత్తగా కనిపించింది.

వెళ్ళేరోజున అక్క కూతురు మోకాలి కింద కట్టుకునే కవచాలు మా అమ్మాయికి ఇచ్చి పోయింది. తర్వాత బూట్ల కోసం నిజామాబాద్ వెళ్ళాం. అడిగిన చోట ఆడపిల్లల కొలతలు లేవన్నారు. మగపిల్లల చిన్న సైజు తెచ్చి లోపల దూది పెట్టుకున్నాం.

అక్క కూతురు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. "ఆడొచ్చు బిడ్డా, కానీ చాలా వదులుకోవాలి." మా అమ్మాయి అదే ప్రశ్న అడిగితే? దానికి పాస్‌పోర్టు అడ్డం లేదు. చట్టం అడ్డం లేదు. అడ్డం ఉన్నదల్లా బడిలో పీఈటీ పోస్టు ఉందో లేదో, మైదానంలో ఎవరి వడ్లు ఆరబోశారో, చీకటి పడేలోపు ఇంటికి ఎట్లా చేరాలో, ఇంట్లో అమ్మ ఏమంటుందో.

మొదటి మూడింటికి ఊరంతా కలిసి అడగాలి. తల్లుల సమావేశానికి బడికి పిలిచినప్పుడు మార్కులతోపాటు మైదానం గురించి కూడా అడుగుదాం. నాలుగోదానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. మీరేమంటారు?