తొలగింపు కాదట, కుదింపట!

ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వంటి స్వతంత్ర సంస్థల సభ్యులను చట్టం చెప్పిన కారణం లేకుండా అధ్యక్షుడు తొలగించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1935లోనే తేల్చింది. 2025 మార్చిలో ట్రంప్ ఆ కమిషన్‌లోనే ఇద్దరు సభ్యులను తొలగించినపుడు మనవారు ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం 2020 నాటి ఆంధ్రప్రదేశ్ గుర్తుకు వచ్చింది.

ఆ ఏడు మార్చి 15న కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ గారు స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. ముఖ్యమంత్రి జగన్ గారు ఆగ్రహించారు. అయితే 243కె అధికరణ ప్రకారం ఆ కమిషనర్‌ను హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించరాదు. అంటే పార్లమెంటు దాకా పోవాలి. అంత దూరం ఎవరు పోతారు? ఏప్రిల్ 10న ఒక ఆర్డినెన్సు వచ్చింది: కమిషనర్ పదవీకాలం ఇకపై ఐదేళ్ళు కాదు, మూడేళ్ళు. అందులో ఎవరి పేరూ లేదు. నిమ్మగడ్డ గారికి మూడేళ్ళు ఎప్పుడో నిండాయి, అంతే! మే 29న హైకోర్టు దానిని కొట్టివేసినా, ఆయన తిరిగి కుర్చీ చేరేసరికి జూలై చివరికి వచ్చింది.

ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని ఎవరూ ఎన్నుకోని అధికారి అడ్డుకోవచ్చునా అన్నది తేలికగా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. వాయిదాలో జోక్యం చేసుకోని సుప్రీంకోర్టు సైతం కొత్త తేదీలకు ముందు ప్రభుత్వాన్ని సంప్రదించమన్నది. కానీ ఆ ఎన్నికలలో పోటీ చేసేది పాలక పక్షమే కదా. ఆటగాడే అంపైరును మారుస్తానంటే ఎట్లా?

మా తెలంగాణలో అంత శ్రమ కూడా అక్కరలేకపోయింది. 2023 ఫిబ్రవరిలో సమాచార కమిషన్ ఖాళీ అయింది. నడుమ ప్రభుత్వం మారినా 2025 మే దాకా కుర్చీలు నిండలేదు. దేవరకొండ చుట్టుపట్ల ఏ తండావాసి అయినా ఉపాధి హామీ లెక్కలడిగి, జవాబు రాక, రెండవ అప్పీలుతో హైదరాబాదు పోతే అక్కడ వినేవారే లేరు. తొలగించినవారూ లేరు, తొలగింపబడినవారూ లేరు. కొట్టివేయడానికి ఒక ఉత్తర్వైనా లేదు.

నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం. కొత్తవారు వచ్చేదాకా పాతవారే కొనసాగాలని చట్టంలో ఒక్క వాక్యం చేర్చితే చాలును. ఏ పక్షమూ దానిని చేర్చమని అడగగా నేను వినలేదు.